చదువు పట్టా, నేల పట్టా

తెలుగులో పట్టా అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. స్నాతకోత్సవంలో విశ్వవిద్యాలయం చేతికిచ్చేదీ పట్టాయే, భూమికి రెవెన్యూ శాఖ ఇచ్చేదీ పట్టాయే. మొదటిది చదివితేనే వస్తుంది. రెండోది చేతికొచ్చాక చదువుకునేవాళ్లే ఎక్కువ, ముందు చదివి తర్వాత తీసుకునేవాళ్లు తక్కువ. గోదావరి జిల్లాల్లో స్థలాల మీదా పొలాల మీదా మునిగిపోయిన డబ్బులో చాలా భాగం ఈ వరస తారుమారు కావడం వల్లే మునిగింది.

చదువు పూర్తయిన అబ్బాయికో అమ్మాయికో ఉద్యోగం దొరికి ఏడాది తిరక్కుండానే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: ఎక్కడైనా నాలుగు సెంట్లు కొని పడేస్తే రేపు అదే అక్కరకొస్తుందని. ఆ సలహాలో పెద్దల అనుభవం ఉంది, ప్రేమ ఉంది. నేల ఎక్కడికీ పోదన్న నమ్మకం ఉంది. నేల ఎక్కడికీ పోదన్నది నిజమే. దాని మీద హక్కు మాత్రం పోతుంది. ‘కొని పడేయడం’ అన్న మాటలోనే పొరపాటుకు విత్తనం పడుతోంది. కొనడానికి ముందు చేయాల్సిన పని ఎంతో ఉంది, కొన్న తర్వాత చేయాల్సిన పని ఇంకా ఉంది. ఈ రెంటికీ మధ్య డబ్బు చెల్లించడం ఒక్కటే తేలిక.

నేలకు ధర ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి కాకినాడ దగ్గరి సామర్లకోటే మంచి బడి. ఇది మెట్ట, మాగాణి కలిసే చోటు. ఉత్తరాన పెద్దాపురం వైపు ఎర్రనేలలు, గుట్టలు. దక్షిణాన కాకినాడ వైపు వరిచేలు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువలు చేరిన ఊళ్లలో ఒక్క తరంలోనే నేల రాత మారిపోయింది. కాలువ పారినంత మేర పంట గ్యారంటీ అయింది, ఆ కాలువల్లోనే పడవల మీద సరుకు నడిచింది. ఆ శతాబ్దం చివర్లో మద్రాసు–కలకత్తా రైలుమార్గం వచ్చి, కాకినాడ రేవుకు చీలే లైనుతో సామర్లకోట జంక్షన్ అయింది. ఆ తర్వాత కాకినాడను రాజానగరం దగ్గర జాతీయ రహదారికి కలిపే ఏడీబీ రోడ్డు ఈ ఊరి మీదుగానే వెళ్లింది. నీరు, రైలు, రోడ్డు: ధర పెంచిన ఈ మూడింట్లో ఏ ఒక్కటీ భూయజమాని కట్టినది కాదు. ఊరంతా, ప్రభుత్వమంతా కలిసి చేసిన పని విలువ వచ్చి అతని సర్వే నంబరులో చేరింది. స్థిరాస్తి పెట్టుబడికి మూలసూత్రం ఇదే. నేల తనంతట తాను విలువ పెంచుకోదు, పక్కన ఏం జరుగుతుందో దాన్నిబట్టి పెరుగుతుంది.

అందుకే కొత్తగా దిగేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన తేడా, వచ్చినదానికీ వస్తుందని చెప్పినదానికీ మధ్య ఉన్న తేడా. ఆ పాఠమూ సామర్లకోటలోనే దొరుకుతుంది. 2010 ప్రాంతంలో ఇక్కడి గ్యాస్ విద్యుత్ కేంద్రానికి భారీ విస్తరణ తలపెట్టారు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాస్ ఉత్పత్తి అంచనాలకు చాలా దిగువకు పడిపోవడంతో కొత్త యూనిట్లకు ఇంధనం అందలేదు. తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని ప్రాజెక్టుకు తరలిపోయాయి. ప్రాజెక్టు కాగితం మీద ఉన్నప్పుడు చుట్టుపక్కల నేల గురించి నడిచే మాట ఒకటి, గ్యాసు రాదని తేలాక నడిచే మాట మరొకటి.

రాష్ట్రమంతటికీ తెలిసిన ఉదాహరణ అమరావతి. 2014లో రాజధాని ప్రకటన వచ్చింది. 2015లో భూసమీకరణ కింద రైతులు 34 వేల ఎకరాలకు పైగా అప్పగించారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చేసరికి క్రయవిక్రయాలు నిలిచిపోయాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పనులు మొదలయ్యాయి. భూమి ఇచ్చిన రైతు, మొదట్లో కొన్నవాడు, 2018లో అప్పు చేసి కొన్నవాడు, 2021లో తెగనమ్ముకున్నవాడు: ఒకే నేల నలుగురికీ నాలుగు రకాల ఫలితాలిచ్చింది. వాళ్లను వేరు చేసింది తెలివితేటలు కాదు. ఎవరి దగ్గర ఎంతకాలం ఆగే ఓపిక, ఆగడానికి కావాల్సిన స్తోమత ఉన్నాయన్నదే. అప్పు లేనివాడు అయిదేళ్లు ఆగగలిగాడు, వడ్డీ కట్టేవాడు ఆగలేకపోయాడు.

వచ్చినదాన్ని చూసి నేల కొనే విద్య డెల్టా రైతులకు కొత్తది కాదు. మంజీరా నది మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయ్యాక, కోస్తా ఆంధ్ర నుంచి రైతు కుటుంబాలు నిజామాబాద్ వైపు తరలివెళ్లాయి. బోధన్, బాన్సువాడ చుట్టూ వాళ్లు వేసుకున్న ఊళ్లకు నేటికీ ‘క్యాంపు’ అన్న పేరు మిగిలింది. 1953లో తుంగభద్ర జలాశయం నుంచి కాలువలకు నీళ్లు వదిలాక, మరికొందరు కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు వెళ్లారు. లెక్క తేలికైనదే. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ కొన్ని ఎకరాలు వచ్చేవి. కాలువ ఏం చేస్తుందో ఇంటి దగ్గర వాళ్లు కళ్లారా చూసి ఉన్నారు. అదే కాలువ వచ్చిన ఇంకోచోట నేల ఇంకా చవగ్గా ఉందని గుర్తించారు. స్థిరాస్తి పెట్టుబడి గురించి ఏ పాఠ్యపుస్తకమైనా ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు.

ఈ వలసల్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఊరు ఊరంతా ఒకేసారి లేచి వెళ్లలేదు. ముందు ఒకరో ఇద్దరో వెళ్లారు. నేలను, నీటిని, జ్వరాలను, అమ్మేవాళ్ల మాటతీరును చూశారు. కబురు పంపితే బావమరుదులూ తోడల్లుళ్లూ వెళ్లారు. వెనక వెళ్లినవాళ్లకు ముందు వెళ్లినవాళ్ల అనుభవమే పెట్టుబడి. అయితే ఆ కథలు నేడు చెప్పేవాళ్లంతా అక్కడ నిలదొక్కుకున్నవాళ్లే. జ్వరం తగిలి, పంట చెడి తిరిగొచ్చినవాళ్ల కథ ఏ పెళ్లి పందిట్లోనూ వినిపించదు. ఇతర పెట్టుబడిదారుల నుంచి నేర్చుకోవాలనుకునేవాడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. గెలిచినవాడు పిలవకుండానే చెబుతాడు. ఓడినవాడి దగ్గరికి వెతుక్కుంటూ వెళ్లి, నొప్పించకుండా, ఓపిగ్గా అడగాలి. నేర్పేది ఎక్కువగా ఆ రెండోవాడే.

ధర సంగతి తర్వాత వచ్చేది హక్కు సంగతి. ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఒక అపోహలో ఉంటారు: రిజిస్ట్రేషన్ అయితే ప్రభుత్వం హామీ ఇచ్చినట్టేనని. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది దస్తావేజును. అమ్మేవాడు నిజంగా యజమానేనని సబ్ రిజిస్ట్రారు పూచీ పడడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ ప్రవేశపెట్టిన పద్ధతి వేరు. అక్కడ రిజిస్టరులో పేరుంటే అదే హక్కు, దానికి ప్రభుత్వానిదే పూచీ. ఆ దిశగా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూమి హక్కుల చట్టం 2023 చివర్లో అమల్లోకి వచ్చి, తీవ్ర వివాదాల మధ్య 2024లో రద్దయింది. కాబట్టి నేటికీ ఇక్కడ హక్కు అంటే ఒకదాని వెనక ఒకటి వచ్చే దస్తావేజుల గొలుసు. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా ఆ తర్వాతి కాగితాలన్నీ గాలిలో వేలాడతాయి.

ఈ గొలుసును వాడుకలో లింకు డాక్యుమెంట్లు అంటారు. నేడు అమ్మేవాడికి ఆ ఆస్తి ఎలా వచ్చింది, అతనికి అమ్మినవాడికి ఎలా వచ్చింది అంటూ కనీసం 30 ఏళ్లు వెనక్కి వెళ్లి చూడడం న్యాయవాదుల ఆనవాయితీ. ఆ 30కి కారణముంది. ఆస్తి స్వాధీనం కోసం ప్రైవేటు వ్యక్తి దావా వేయడానికి గడువు 12 ఏళ్లయితే, ప్రభుత్వానికి 30 ఏళ్లు. గొలుసుతో పాటు చూడాల్సింది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. అందులో ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ కనిపిస్తాయి. కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పుస్తకాలు తీయించి చూడాలి. ఈసీలో కనిపించనివే ప్రమాదకరమైనవి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావా, అసలు పత్రాలు ఎక్కడో తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు: ఇవేవీ అందులో ఉండవు. అందుకే జిరాక్సు చూసి కొనకూడదు. అసలు పత్రం చేత్తో పట్టుకుని చూడాలి.

కాగితాలు చదవడానికి న్యాయవాది ఉంటాడు కదా అని వదిలేయడం సరికాదు. న్యాయవాది తన ముందుకొచ్చిన కాగితాలను చదువుతాడు. రాని కాగితాలేవో అడగాల్సింది కొనేవాడే. ముఖ్యంగా కుటుంబ వృక్షం. అమ్మేవాడికి అక్కచెల్లెళ్లు ఉన్నారా అన్నది డెల్టాలో చాలాకాలం ఎవరూ అడగని ప్రశ్న. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణ దాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఆ 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండకపోయినా హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పిత్రార్జితాన్ని అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి అమ్మితే, ఆ కొనుగోలు మీద పదేళ్ల తర్వాత కూడా దావా పడవచ్చు. ఇది కేవలం కొనేవాడి జాగ్రత్త కాదు. ఆడపిల్ల వాటాను అడగకుండా, ఆమె సంతకం లేకుండా కొన్న నేల ఒకరి సొత్తును తెలిసి తీసుకోవడం కూడా. పట్టా అందుకుంటున్నవాళ్లలో సగం మంది ఆడపిల్లలైన చోట ఈ సంగతి దాటవేయదగింది కాదు.

రెవెన్యూ వైపు చూడాల్సినవి మరో రకం. అడంగల్, వన్ బీ, పట్టాదారు పాసు పుస్తకం నేడు ఎవరి పేరున ఉందో చెబుతాయి. ఆ నేల అసలు పుట్టుక ఏమిటో చెప్పేది పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. అది పట్టా భూమా, ఇనామా, పోరంబోకా, దేవాదాయమా అన్నది అందులో తేలుతుంది. పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు మాత్రమే పెట్టి వదిలేసిన సర్వే నంబర్లే చుక్కల భూములు. వాటి కోసం 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. పేదలకు సాగు కోసం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్లు దాటినవాటికి 2023 సవరణ కొంత వీలు కల్పించినా, అది ఫలానా నంబరుకు వర్తిస్తుందో లేదో విడిగా తేల్చుకోవాల్సిందే. ఇలా రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులన్నీ 22–ఏ జాబితాలో ఉంటాయి. బయానా ఇచ్చే ముందు ఆ జాబితా చూడడానికి పట్టేది పది నిమిషాలు. చూడనివాళ్లకు పట్టేది కొన్నేళ్లు.

గోదావరి పల్లెల్లో 1984 వరకూ ఈ జ్ఞానమంతా కరణం దగ్గర ఉండేది. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక అధికారం ఒకరి గుప్పిట్లోంచి బయటపడింది, అది మంచికే. దాంతోపాటు ఏ పుంత ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో తెలిసిన మనిషీ పోయాడు. నేడు ఆ పని కొలతల పుస్తకం చేయాలి, దాన్నే ఎఫ్‌ఎంబీ అంటారు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ల్యాండ్ పార్సిల్ (ఎల్పీ) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులోని నంబరు, కొత్త నంబరు, నేల మీద కనిపించే గట్టు, ఈ మూడూ ఒకటేనని లైసెన్సున్న సర్వేయరుతో కొలిపించుకుంటే తప్ప తెలియదు.

హద్దుల ముచ్చట ఈ నేలలో చాలా పాతది. సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయం కట్టించిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో, దానమిచ్చిన ఊరికి ఏ దిక్కున ఏ చెరువు, ఏ ఊరి పొలిమేర ఉన్నాయో విడివిడిగా చెక్కి ఉంటుంది. వెయ్యేళ్ల కిందటి శాసనం అంత శ్రద్ధగా రాసిన నాలుగు దిక్కుల్ని, నేటి కొనుగోలుదారు ‘షెడ్యూలు’ అన్న చివరి పేజీలో చదవకుండా సంతకం పెట్టేస్తున్నాడు. దస్తావేజు మొత్తంలో ముందు చదవాల్సిన పేజీ అదే.

కొలతల దగ్గరా జాగ్రత్త కావాలి. ఎకరానికి 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాలు. రైతులు వాడుకలో కుంచం అంటే పది సెంట్లు. నాలుగు సెంట్లంటే 193.6 గజాలు. దాన్ని 200 గజాల ప్లాటని చెప్పి, గజం పది వేల చొప్పున అమ్మితే, లేని 6.4 గజాలకు కొనేవాడు 64 వేలు చెల్లిస్తున్నాడు. ఇలాంటివి మోసం ఉద్దేశంతోనే జరగాలని లేదు. నోటిలెక్కలో గుండుసున్నాలు చుట్టడం అలవాటు, అంతే. నష్టం మాత్రం అలవాటుతో తగ్గదు.

డెల్టాలో నేలను ఎండాకాలంలో చూసి కొనడం మరో పొరపాటు. మే నెలలో ప్రతి లేఅవుటూ అందంగానే ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద పిఠాపురం, గొల్లప్రోలు వైపు పొలాలనూ కాలనీలనూ ముంచెత్తింది. పల్లపు వరిచేను ప్లాట్లుగా మారినప్పుడు వాన నీరు వెళ్లే దారి ఏమైందన్నది బ్రోషరులో ఉండదు. రోడ్డు ఎత్తుకు మెరక వేయించడానికి ఎన్ని లారీల మట్టి పడుతుందో లెక్కగడితే, చవగ్గా దొరికిన ప్లాటు ఒక్కోసారి పక్క ప్లాటు కంటే ప్రియమవుతుంది. భారీ వర్షం పడిన మర్నాడు వెళ్లి చూడడం, అక్కడే నాలుగేళ్లుగా కాపురముంటున్నవాళ్లను అడగడం: ఈ రెండింటికీ ఖర్చు లేదు.

ఇక మోసాల సంగతి. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయల దాకా సేకరించింది. స్థలం ఇస్తాం, లేదంటే డబ్బు పెంచి ఇస్తాం అన్నది దాని మాట. 2014–15లో చెల్లింపులు ఆగిపోయాయి. అందులో డబ్బు కట్టినవాళ్లు చాలామంది నెలనెలా చిన్నమొత్తాలు దాచుకున్న కూలీలు, చిరువ్యాపారులు. ఏజెంట్లు బయటివాళ్లు కారు, వాళ్ల వీధివాళ్లే, చుట్టాలే. ఇక్కడ నేర్చుకోవాల్సింది బాధాకరమైన సంగతి. నమ్మకస్తుడు చెప్పాడన్నది పత్రానికి బదులు కాదు. చెప్పినవాడు నిజాయితీపరుడే కావచ్చు, అతనూ మోసపోయినవాడే కావచ్చు. ‘నీకు కమీషను వస్తుందా’ అన్న ప్రశ్న బంధువును అడగడం మర్యాద కాదని చాలామంది ఊరుకుంటారు. ఆ ప్రశ్న అడగడమే ఆ బంధుత్వాన్ని కాపాడుతుంది.

ఇలాంటి అనుభవాల తర్వాతే 2016లో స్థిరాస్తి నియంత్రణకు రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు గానీ, ఎనిమిది ఫ్లాట్లు మించిన భవనానికి గానీ రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి వసూలు చేయకూడదు. అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే కట్టినవాడే సరిచేయాలి. ‘ప్రీ లాంచ్’ పేరిట తక్కువ ధరకు ఆశపెట్టేవాళ్లు ఈ నాలుగు రక్షణలనూ కొనుగోలుదారు చేతే వదిలేయిస్తారు. సామర్లకోట చుట్టూ కొనేవాళ్లు రెరా నంబరుతో పాటు కాకినాడ పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి కూడా చూడాలి. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం అప్పుడప్పుడూ అవకాశమిస్తుంది, నిజమే. ఆ అపరాధ రుసుము కట్టేది లేఅవుటు వేసి అమ్మినవాడు కాదు, కొన్నవాడు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద, అగ్రిమెంటు మీద కొనడం ఇంకా కనిపిస్తుంది. వీటితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. అగ్రిమెంటు అమలు చేయించుకోవడానికి దావా వేసే గడువు మూడేళ్లే.

హక్కు తేలాక లెక్క. ‘పదేళ్లలో రెట్టింపయింది’ అన్న మాట వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఒక ఉదాహరణ వేసి చూస్తే ఆ మాట అసలు బరువెంతో తెలుస్తుంది. 20 లక్షలకు కొన్న ప్లాటు పదేళ్లకు 40 లక్షలకు అమ్ముడైందనుకుంటే, కొన్నప్పుడు స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 7.5 శాతం, అంటే 1.5 లక్షలు. మధ్యవర్తికి ఒక శాతం చొప్పున కొన్నప్పుడు 20 వేలు, అమ్మినప్పుడు 40 వేలు. లాభం 17.9 లక్షలు మిగులుతుంది. దాని మీద దీర్ఘకాలిక మూలధన లాభపు పన్ను 12.5 శాతం, పైన సెస్సు: 2 లక్షల 32 వేల చిల్లర. చేతికొచ్చేది 37 లక్షల 27 వేలు. పెట్టిన 21.7 లక్షల మీద ఏడాదికి సుమారు 5.5 శాతం. కంచె, ఖాళీ స్థలం పన్ను, రానుపోను ఖర్చులు ఇంకా కలపలేదు. అదే డబ్బును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే, ఏడాదికి 24 శాతం కడుతూ 5.5 శాతం సంపాదించినట్టు. ఊళ్లో ఆస్తిపరుడని పేరున్న మనిషి ఇల్లు అప్పుల్లో కూరుకుపోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

ఇది ఎవరినీ నిరుత్సాహపరిచే లెక్క కాదు. కొన్ని స్థలాలు పదేళ్లలో అయిదు రెట్లూ అయ్యాయి. 1998లో హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆ చుట్టుపక్కల కొన్నవాళ్లకు జరిగింది అదే. అయితే ఏ కథ విన్నా అడగాల్సిన ప్రశ్నలు మారవు. ఎన్నేళ్లు పట్టింది? మధ్యలో ఎంత ఖర్చయింది? సొంత డబ్బా, అప్పా? అదేకాలంలో కొన్న మిగతావి ఏమయ్యాయి? అమ్మి డబ్బు చూశారా, లేక ధర పెరిగిందని వినడమేనా? ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబే చాలా కథల్ని చిన్నబుచ్చుతుంది. అమ్మకపు రశీదు లేని లాభం ఇంకా లాభం కాదు.

పొలం, ఇల్లు వంటివాటికి ఈ ప్రశ్నలతో పాటు రాబడి లెక్కా ఉంటుంది. వరిచేనుకు కౌలు ఎన్ని బస్తాలో, బస్తా ధరెంతో గుణించి, ఎకరం ధరతో భాగిస్తే వచ్చే శాతం డెల్టాలో చాలా చిన్నది. ఇక్కడి నేల ధర పంటను వదిలి ఏనాడో ముందుకెళ్లిపోయింది. పట్టణాల్లో ఇళ్ల అద్దె రాబడి కూడా ధరలో రెండు నుంచి నాలుగు శాతం మధ్యే ఉంటుంది. సొంతింట్లో ఉండాలన్న కోరిక వేరు, అది గౌరవించదగ్గది. దాన్ని పెట్టుబడి లెక్కతో కలిపితే రెండూ చెడతాయి.

చేతిలో లక్షలు లేనివాళ్లకు దారి మూసుకుపోలేదు. అద్దె భవనాల్లో యూనిట్లుగా వాటాలు అమ్మే రీట్లకు, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిబంధనలు తెచ్చింది. దేశంలో మొదటి రీట్ 2019లో స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. 2020లో నమోదైన మైండ్‌స్పేస్ రీట్‌కు మాదాపూర్‌లో పెద్ద కార్యాలయ సముదాయం ఉంది. 2021 నుంచి ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. కొన్ని వందల రూపాయలతో ఒక కార్యాలయ భవనపు అద్దెలో వాటాదారు కావడం, మూడు నెలలకోసారి వచ్చే నివేదికలో ఎంత ఖాళీగా ఉంది, ఎవరు ఎంత అద్దె కడుతున్నారు అన్నది చదవడం: ఇంతకు మించిన అభ్యాసం దొరకదు. నేల కొనే ముందు ఏడాదిపాటు ఈ నివేదికలు చదివినవాళ్ల ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

స్నేహితులు కలిసి కొనడం మరో దారి. దస్తావేజులో అందరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో ఉండాలి. ఒకరు బయటికి వెళ్లాలంటే ధర ఎలా కట్టాలి, ఒకరు చనిపోతే వారసులతో ఏం చేయాలి అన్నది ముందే రాసుకోవాలి. రాసుకోకపోతే స్నేహం, స్థలం రెండూ కోర్టులో ఉంటాయి. ఒకరి పేరున కొని మిగతావాళ్లు నోటిమాట మీద ఉండిపోవడం బేనామీ చట్టం కిందికి కూడా రావచ్చు. విదేశాలకు వెళ్లే పట్టభద్రులు మరొకటి గుర్తుంచుకోవాలి: ప్రవాస భారతీయులు ఇళ్లు, స్థలాలు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

నేర్చుకునేది ఎవరి దగ్గర అన్నదానికి వస్తే, పెద్ద పెట్టుబడిదారుల కంటే ముందు వరసలో ఉండాల్సినవాళ్లు వేరే. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న లేఖరికి ఏ రకం ఒప్పందాలు కోర్టుకెళ్లాయో తెలుసు. సర్వేయరుకు ఏ ఊళ్లో గట్లు జరిగాయో తెలుసు. బ్యాంకులో గృహరుణాలు చూసే అధికారికి ఏ లేఅవుటుకు అప్పు ఇవ్వడం లేదో తెలుసు. ఆ ‘ఇవ్వడం లేదు’ అన్న మాట లక్షల విలువైన సలహా. అప్పు అక్కర్లేకపోయినా అర్జీ పెట్టి చూస్తే బ్యాంకు న్యాయవాది కళ్లు కూడా ఆ కాగితాల మీద పడతాయి. ఇంట్లో పాత దస్తావేజులు ఉంటే అవే మొదటి పాఠాలు. తాతగారి క్రయపత్రం తీసి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని హద్దులు, సాక్షులు, ప్రతిఫలం వరస పెట్టి చదివితే రెండు మూడు సాయంత్రాల్లో ఆ భాష పట్టుబడుతుంది. చాలా కుటుంబాల్లో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) జరగని వాటాలు, మరిచిపోయిన తాకట్టు రద్దు పత్రాలు బయటపడేది అప్పుడే. కొత్తది కొనేముందు ఉన్నదాన్ని సరిచేసుకోవడం కూడా పెట్టుబడే.

రిజిస్ట్రేషన్ రోజు చేయాల్సింది తక్కువ. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి. స్థిరాస్తి లావాదేవీల్లో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం పన్ను మినహాయించి జమ కట్టాలి. అసలు లింకు పత్రాలు అదే రోజు చేతికి రావాలి.

ఆ తర్వాతే అసలు పని. మ్యుటేషన్ చేయించి పాసు పుస్తకంలోనో పురపాలక రికార్డులోనో పేరు ఎక్కించాలి. ఖాళీ స్థలం పన్ను కొత్త పేరున కట్టాలి. నాలుగు మూలలా రాళ్లు పాతి, కుదిరితే కంచె వేసి, తేదీతో ఫోటోలు తీసి ఉంచాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండే యజమాని సంక్రాంతికి వచ్చినప్పుడు స్థలం దగ్గరికి వెళ్లి రాళ్లు ఉన్నాయో లేవో చూసుకోవాలి, పక్కవాళ్లను పలకరించాలి, తాజా ఈసీ తీసి పాతదాని పక్కన పెట్టి పోల్చుకోవాలి. ఇంకొకరు ఆక్రమించి తమదేనంటూ బహిరంగంగా అనుభవిస్తుంటే, 12 ఏళ్లు దాటాక దస్తావేజు ఉన్న యజమాని దావా కూడా నిలవకపోవచ్చు. ఆ 12 ఏళ్లలో ఒక్క సంక్రాంతికి వచ్చి చూసినా విషయం బయటపడుతుంది, నోటీసు ఇవ్వడానికి సమయం మిగులుతుంది.